సీలింగ్ ఉరుస్తోందా? పెయింటర్‌ని పిలిచే ముందు ఈ ఎపిసోడ్ చూడండి

ఈరోజు టాపిక్ చాలామంది కామెంట్లలో అడిగిందే. "బ్రో, మా బెడ్‌రూమ్ సీలింగ్ మీద మరక వచ్చింది, ఏ పెయింట్ వేయించాలి?" అని. దానికి నా సమాధానం ఒక్కటే. ఏ పెయింటూ వద్దు. ముందు ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టండి. ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నేను బీటెక్ చేసి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని మీకు తెలుసు. అక్కడ నా పని చాలావరకు బగ్స్ వెతకడమే. అయినా మా ఇంట్లో సీలింగ్ లీక్ అయినప్పుడు మాత్రం ఆఫీసులో ఏ జూనియర్ చేసినా నేను తిట్టే తప్పే నేను చేశా. కారణం తెలుసుకోకుండా పైపైన ప్యాచ్ వేసేశా. ఆ కథ చెప్తూ, పద్ధతి కూడా చెప్తా.

మా ఇంట్లో ఏం జరిగింది

విజయవాడలో మా అమ్మానాన్నల ఫ్లాట్ మూడో అంతస్తులో. దాని పైన ఇంకొక ఫ్లాట్, ఆ పైన డాబా. పాత బిల్డింగే. రెండేళ్ల కింద జూలైలో నాయనమ్మ పడుకునే గదిలో ఫ్యాన్ పక్కన పళ్లెం అంత మరక వచ్చింది. అంచు పసుపుగా, మధ్యలో బూడిద రంగులో ఉంది. వానాకాలం కదా, అందరూ "వాన నీళ్లే" అన్నారు. నేనూ అదే అనుకున్నా. పెయింటర్‌ని పిలిచాం. ఆయన పాత పెయింట్ గీకి, వాటర్‌ప్రూఫ్ పుట్టీ పెట్టి, రెండు కోట్లు వేసి 6 వేలు తీసుకున్నాడు. సీలింగ్ తళతళలాడింది. కరెక్టుగా మూడు వారాలకి మరక మళ్లీ వచ్చింది, ఈసారి పెయింట్ బుడగలా ఉబ్బింది కూడా.

ఇందులో పెయింటర్ తప్పేమీ లేదండి. నీళ్లు పైనుంచి వస్తుంటే కింద వైపు వేసిన పూత వాటిని ఆపలేదు. నీళ్లు పూత వెనకాల చేరి దాన్నే తోసేస్తాయి. వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపు చేయాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకున్నా ఈ వీడియో చూసినందుకు మీకు గిట్టుబాటు అయినట్టే.

ఆ తర్వాత అమ్మ పై ఫ్లాట్ ఆంటీతో "మీ బాత్రూం నుంచే వస్తోందేమో ఒకసారి చూడండి వదినా" అంది. అంకుల్ ప్లంబర్‌ని పిలిపించి చూపించి, "మా బాత్రూంలో చుక్క కూడా కనబడట్లేదమ్మా, మీ గోడ లోంచే వాన నీళ్లు దిగుతున్నాయి" అన్నారు. మాటా మాటా పెరిగింది. పదిహేనేళ్లుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగిన రెండు ఇళ్లు లిఫ్టులో కూడా పలకరించుకోవడం మానేశాయి.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున నాయనమ్మ కాఫీకని లేచి వంటింట్లోకి వచ్చింది. కాసేపటికి గదిలో దబ్‌మని శబ్దం. వెళ్లి చూస్తే అరచేయంత మందాన పెచ్చు ఊడి ఆవిడ దిండు మీద పడి ఉంది. పైన తుప్పు పట్టిన ఊచ కనిపిస్తోంది. ఆ రాత్రే నేను హైదరాబాద్ నుంచి బస్సెక్కా.

మొదట చేయాల్సింది: ప్రమాదం తప్పించడం

ఎక్కడినుంచి వస్తోందనేది తర్వాత. ముందు ఈ మూడు పనులు చేయండి.

ఒకటి, కరెంటు. స్లాబ్ పోసేటప్పుడే వైరింగ్ పైపులు లోపల పెడతారు. నీళ్లకి ఆ పైపు మంచి దారి. అందుకే చాలా ఇళ్లల్లో లీక్ మొదట ఫ్యాన్ హుక్కు దగ్గరో, లైట్ పాయింట్ దగ్గరో కనిపిస్తుంది. మా ఇంట్లోనూ అంతే. ఆ గది ఎంసీబీ ఆపేయండి. తడి ఉన్నంతకాలం ఆ ఫ్యాన్ వేయొద్దు, ఎలక్ట్రీషియన్ చూసి సరే అన్నాకే వాడండి.

రెండు, కింద ఎవరూ పడుకోకూడదు. మంచం జరపండి. చీపురు కర్రతో సీలింగ్ మీద దూరం నుంచి నెమ్మదిగా తట్టండి. టక్‌టక్ అంటే గట్టిగా ఉన్నట్టు. డొల్ల శబ్దం వస్తే ఆ ప్లాస్టరింగ్ వదిలేసిందని అర్థం. దాన్ని మేస్త్రీతో జాగ్రత్తగా దింపించేయండి, దానంతట అది పడేదాకా ఆగొద్దు.

మూడు, ఊచ సంగతి. కాంక్రీటు లోపల ఇనుము మామూలుగా తుప్పు పట్టదు, సిమెంటు క్షార గుణమే దాన్ని కాపాడుతుంది. ఏళ్ల తరబడి తేమ, గాలి లోపలికి వెళ్తే ఆ రక్షణ పోతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపలి నుంచి కాంక్రీటుని తోస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే. అంటే పెచ్చు ఊడిందంటే అది చాలాకాలంగా నడుస్తున్న వ్యవహారం, నిన్నటిది కాదు. "చిన్న మరకే కదా" అని వదిలేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

మరక చెప్పే సాక్ష్యం

ఇప్పుడు అసలు పని. సీలింగ్ మీద నీళ్లు రావడానికి మామూలుగా ఐదు దారులుంటాయి: డాబా, బయటి గోడ, పై బాత్రూంకి నీళ్లు తెచ్చే పైపు, నీళ్లు తీసుకెళ్లే పైపు, బాత్రూం ఫ్లోర్. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఏసీ డ్రెయిన్ పైపుని కూడా లిస్టులో వేసుకోండి.

ఒక్కోదానికి ఒక్కో టైమింగ్ ఉంటుంది. డాబా, బయటి గోడ అయితే వాన పడ్డాక కొన్ని గంటలకో ఒక రోజుకో పెరుగుతుంది, ఎండ కాస్తే తగ్గుతుంది. నీళ్లు తెచ్చే పైపు అయితే వానతో, వాడకంతో సంబంధం లేదు, పగలూ రాత్రీ ఒకేలా కారుతుంది, ఎందుకంటే అందులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది. సెకనుకి ఒక చుక్క అన్నా రోజుకి 4 లీటర్ల పైనే. నీళ్లు తీసుకెళ్లే పైపు, బాత్రూం ఫ్లోర్ అయితే పైవాళ్లు వాడినప్పుడే. వాళ్లు ఊరెళ్తే ఆగిపోతుంది.

ఇంకో మాట. మరక ఉన్న చోటుకి నేరుగా పైనే లీక్ ఉంటుందని అనుకోవద్దు. నీళ్లు స్లాబ్ వాలుని బట్టి, పగుళ్లని బట్టి, వైరింగ్ పైపుని బట్టి ప్రయాణం చేసి ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతాయి. మా మరకకీ అసలు లీక్‌కీ మధ్య సుమారు ఏడడుగుల దూరం ఉంది.

తెల్లటి పొడి, ఉప్పులాంటిది కనిపిస్తే అది నీళ్లు కాంక్రీటు లోంచి సున్నాన్ని కరిగించి బయటికి తెచ్చిన గుర్తు. గాలి తగిలి అది తెల్లగా గట్టిపడుతుంది. అంటే నీళ్లు స్లాబ్ లోంచి వస్తున్నాయి, పైపైన చెమ్మ కాదు. అది కూడా డౌటుగా ఉంటే ఒక చిన్న టెస్ట్ ఉంది. అడుగు చదరం ప్లాస్టిక్ కవర్ తీసుకుని సీలింగ్‌కి నాలుగు వైపులా టేపు అంటించండి. ఒక రోజు తర్వాత చూడండి. కవర్‌కి సీలింగ్ వైపు తడి ఉంటే నీళ్లు స్లాబ్ లోంచి వస్తున్నట్టు. గది వైపు తడి ఉంటే గాలిలో తేమ చల్లటి సీలింగ్ మీద పేరుకుంటున్నట్టు. రెండోదైతే ఏ మేస్త్రీ అక్కర్లేదు, గాలి ఆడేలా చూసుకుంటే చాలు.

లాగ్ ఫైల్ మొదలుపెట్టా

సాఫ్ట్‌వేర్ బుద్ధి అప్పటికి గానీ పనిచేయలేదు నాకు. మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశా, పక్కన తేదీ రాశా. రోజూ పొద్దున 7 గంటలకి ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫోటో. ఒక నోట్‌బుక్‌లో మూడు కాలమ్‌లు: వాన పడిందా, పైవాళ్లు ఇంట్లో ఉన్నారా, మరక పెరిగిందా.

పది రోజుల్లో జవాబు సగం దొరికింది. వినాయక చవితికి పైవాళ్లు ఐదు రోజులు ఊరెళ్లారు. ఆ ఐదు రోజుల్లో రెండు రోజులు కుండపోత వాన. మరక మొదటి రెండు రోజులు కాస్త తడిగా ఉంది, మూడో రోజు నుంచి ఆరడం మొదలైంది. వాళ్లు తిరిగొచ్చిన మర్నాటికి గీత దాటింది.

దీన్నిబట్టి ఏం తేలింది? వాన పడినా మరక పెరగలేదు కాబట్టి డాబా, బయటి గోడ రెండూ అవుట్. తర్వాత అంకుల్‌ని అడిగా, "ఊరెళ్లేటప్పుడు బాత్రూం గేట్ వాల్వ్ కట్టేశారా అంకుల్?" అని. లేదన్నారు. అంటే పైపులో ప్రెషర్ ఉంది, అయినా లీక్ ఆగింది. కాబట్టి నీళ్లు తెచ్చే పైపు కూడా అవుట్. ఇక మిగిలినవి రెండే: డ్రెయిన్ పైపు, ఫ్లోర్. పైసా ఖర్చు లేకుండా ఐదింట్లో మూడు పోయాయి.

మీకు ఇలా ఊరెళ్లే ఛాన్స్ దొరక్కపోతే, ఒక రాత్రి వాల్వ్ కట్టేయమని అడగండి. వాల్వ్ కట్టాక చుక్కలు తగ్గితే పైపు మీదే అనుమానం. అప్పుడు ప్లంబర్ ప్రెషర్ పంపు తెచ్చి పైపు రెండు చివర్లూ మూసి ప్రెషర్ పెడతాడు. గేజి ముల్లు పడిపోతుంటే లీక్ ఖాయం. వేడి నీళ్ల లైన్‌ని విడిగా టెస్ట్ చేయించండి, గీజర్ లైన్ జాయింట్లు ఎక్కువ దెబ్బతింటాయి.

పైవాళ్లతో ఎలా మాట్లాడాలి

ఇక్కడే చాలా కేసులు చెడిపోతాయి. పైవాళ్లకి లీక్ కనపడదు, కింద వాళ్లకి కారణం కనపడదు. అంకుల్ "చుక్క కూడా లేదు" అన్నది అబద్ధం కాదు. ఆయన ఫ్లోర్ మీద ఏం కనబడుతుంది? కారేది దాని కింద కదా.

నేను ఈసారి అమ్మని పంపకుండా నేనే వెళ్లా. వాదించలేదు. ఫోన్‌లో 14 ఫోటోలు, నోట్‌బుక్ ఆయన ముందు పెట్టా. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. కాలమ్‌లు రెండుసార్లు చూసుకున్నారు. తర్వాత ఆ దిండు మీద పడిన పెచ్చు చూపించా. "మామ్మగారి మంచం మీదా?" అన్నారు. అంతే, ఆ తర్వాత ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "ఏం టెస్టులు చేస్తావో చెయ్యి బాబూ" అన్నారు.

మూడు టెస్టులు, ఒకటి తర్వాత ఒకటి

ఇక్కడ రూల్: ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి చేస్తే ఏది తప్పో తేలదు. ఒక టెస్టుకీ ఇంకో టెస్టుకీ మధ్య మరక ఆరనివ్వాలి. ఆ రోజుల్లో వాళ్లు రెండో బాత్రూం వాడుకున్నారు.

టెస్ట్ ఒకటి: డ్రెయిన్ పైపు. ఫ్లోర్ తడవకుండా, గొట్టం చివర నేరుగా నహానీ ట్రాప్ లోపలికి దించి పది బకెట్ల నీళ్లు వదిలాం. కమోడ్ పదిసార్లు ఫ్లష్ చేశాం. ఒక రోజు ఆగాం. కింద ఏమీ లేదు. పైపు బాగానే ఉంది.

టెస్ట్ రెండు: టైల్స్ సందులు. ట్రాప్‌కి జానెడు దూరంలో చుట్టూ గోధుమపిండి ముద్దతో గుండ్రంగా కట్ట కట్టాం. పిండి అమ్మే కలిపి ఇచ్చింది, "ఇదేం చదువురా" అంటూ. కట్ట బయట మిగతా ఫ్లోర్ అంతా అంగుళం ఎత్తు నీళ్లు నింపి 24 గంటలు ఉంచాం. తలుపు దగ్గర గడప ఉంది కాబట్టి నీళ్లు బయటికి రాలేదు. కింద మళ్లీ ఏమీ లేదు.

టెస్ట్ మూడు: ట్రాప్ చుట్టూ. ట్రాప్ నోటిని ప్లాస్టిక్ కవర్‌లో గుడ్డ చుట్టి బిగించాం. ఇప్పుడు పిండి కట్ట లోపల మాత్రమే నీళ్లు పోశాం, అందులో కాస్త ఎర్ర ఫుడ్ కలర్ కలిపాం. మధ్యాహ్నం 2 గంటలకి పోశాం. సాయంత్రం 7కి ఫ్యాన్ బాక్సు దగ్గర లేత గులాబీ రంగు చుక్క. నాన్న టార్చి పట్టుకుని "వచ్చింది వచ్చింది" అని అరిచారు, కొడుకు పుట్టినంత ఆనందంగా.

ఒక జాగ్రత్త. సిమెంటు రంగుని పీల్చుకుంటుంది. రంగు రాకపోయినా తడి పెరిగితే టెస్ట్ పాజిటివ్ కిందే లెక్క.

మీది పై అంతస్తు అయి డాబా మీద అనుమానం ఉంటే ఇదే టెస్ట్ అక్కడ చేయండి. తూము మూసి, ఇటుకలు, బంకమట్టితో చిన్న చిన్న భాగాలుగా కట్ట కట్టి, ఒక్కో భాగాన్ని ఒకటి రెండు రోజులు చూడండి. రెండు అంగుళాలు దాటొద్దు. అంగుళం నీళ్లంటే చదరపు మీటరుకి సుమారు 25 కేజీల బరువు. స్లాబ్ ఊచలు ఇప్పటికే తేలి ఉంటే ఈ టెస్ట్ ఇంజినీరుని అడక్కుండా చేయొద్దు.

రిపేరు

అప్పటికే ఒక కాంట్రాక్టర్ బాత్రూం మొత్తం పగలగొట్టి చేయాలని 85 వేలు చెప్పి ఉన్నాడు. ఇప్పుడు మాకు పగలగొట్టాల్సింది అడుగున్నర చదరం.

మేస్త్రీ ట్రాప్ చుట్టూ టైల్స్ తీశాడు. కనిపించింది ఇది: ప్లాస్టిక్ ట్రాప్‌కీ చుట్టూ ఉన్న సిమెంటుకీ మధ్య గోరు దూరేంత సందు. ప్లాస్టిక్‌కి సిమెంటు సరిగ్గా అంటుకోదు. పైగా వేడి నీళ్లకి ప్లాస్టిక్ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఏళ్లు గడిచేసరికి సందు పడుతుంది. స్నానం చేసిన ప్రతిసారీ కొన్ని నీళ్లు ట్రాప్‌లోకి కాకుండా దాని పక్కనుంచి దిగిపోతున్నాయి.

చేసిన పని వరుసగా చెప్తా. పాత వదులు సిమెంటు అంతా తీసేశాం. ట్రాప్ బయటి అంచుని గరుకు కాగితంతో రుద్దాం, పట్టు దొరకడానికి. ముడుచుకుపోని గ్రౌట్‌తో సందు నింపాం. ఆరాక పాలిమర్ కలిపిన వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత రెండు కోట్లు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా, ట్రాప్ అంచు మీదకి ఎక్కేలా వేశాం. అది గట్టిపడ్డాక టైల్స్ పెట్టకముందే మళ్లీ 24 గంటలు నీళ్లు నింపి చూశాం. దీన్ని మాత్రం ఎవరు తొందర పెట్టినా వదలొద్దు. టైల్స్ వేశాక తప్పు తెలిస్తే మళ్లీ మొదటికే. చివరికి టైల్స్ వేసి సందుల్లో వైట్ సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాం. మొత్తం ఖర్చు 9 వేలు.

మన వైపు సీలింగ్‌లో: వదులు కాంక్రీటు తీసి, ఊచ తుప్పు వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, తుప్పు రాకుండా ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చారు. మా ఊచ పైపైనే తుప్పు పట్టింది. మీది సన్నబడి ఉన్నా, చాలా ఊచలు తేలినా, స్లాబ్ కిందకి వంగినట్టు అనిపించినా ఇది మేస్త్రీ పని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి.

పెయింట్ మాత్రం వెంటనే వేయించలేదు. రిపేరు అయ్యాక కూడా రెండు వారాలు తడి కనిపించింది. అమ్మ కంగారు పడింది. బాత్రూం టైల్స్ కింద నింపిన మట్టీ, ఇటుక ముక్కలూ స్పాంజిలా నీళ్లు పట్టుకుని ఉంటాయి, అవి దిగడానికి టైం పడుతుంది. పెన్సిల్ గీత దాటుతోందా లేదా అన్నదే చూడాలి. దాటలేదు. రెండు నెలల తర్వాత ప్లాస్టిక్ కవర్ టెస్ట్ మళ్లీ చేసి, పొడిగా వచ్చాకే పెయింటర్‌ని పిలిచాం. అదే పెయింటర్, అదే పెయింట్. ఇప్పటికి రెండు వానాకాలాలు అయిపోయాయి.

చివరిగా

డబ్బుల సంగతి అడుగుతారని తెలుసు. అంకుల్ మొత్తం తానే ఇస్తానన్నారు. నాన్న సీలింగ్ పని మాది అని ఆపేశారు. ఎవరి నేల వాళ్లది, ఎవరి కప్పు వాళ్లది అన్నట్టు పంచుకున్నారు. నాయనమ్మ మళ్లీ తన గదిలోనే పడుకుంటోంది, మంచం మాత్రం ఫ్యాన్ కిందనుంచి గోడ వైపుకి జరిపించుకుంది. ఎంత చెప్పినా వినదు. సీలింగ్ మీద ఆ పెన్సిల్ గీతలు పెయింట్ కిందకి పోయాయి కానీ నోట్‌బుక్ అంకుల్ దగ్గరే ఉంది, బిల్డింగ్‌లో ఇంకెవరికి లీక్ వచ్చినా ఆయనే ఇప్పుడు కాలమ్‌లు గీసిస్తున్నారు.

మీ సీలింగ్ మీద మరక ఉంటే ఈరోజే చేయాల్సింది ఒక్కటే: పెన్సిల్ తీసుకుని దాని చుట్టూ గీత గీసి తేదీ రాయండి. పది రోజుల తర్వాత వాన, వాడకం, మరక, మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. డౌటు ఉంటే కామెంట్‌లో రాయండి, "మరక ఉంది" అని కాకుండా ఎప్పుడు పెరుగుతోందో రాయండి, అప్పుడే నేను ఏమైనా చెప్పగలను. వచ్చే ఎపిసోడ్‌లో గోడల అడుగు భాగంలో నేల నుంచి ఎక్కే చెమ్మ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటానండి.